కాపుదారం కట్టినాక పన్నెండు బండ్ల దూది

ఇప్పుడు కోయంబత్తూరులో ఎక్కించిన మూట రైల్లో ఈరోడ్డు, తిరుచ్చి అన్నీ చుట్టి మదురలో దిగుతుంది. చీటీ తీసుకుంటే అయిపోయింది. దారిలో ఏ ఊళ్ళో ఏ అమ్మకి నోంబి జరుగుతా ఉండాదో ఎవడికీ పట్టదు. నోంబి అంటే మా పక్క జాతర. నేను మా మామ పత్తి గిడ్డంగిలో చేరిన కొత్తల్లో ఆ తేదీ అడక్కుండా ఒక్క బండి కూడా కదిలేది కాదు. ఒక్క ఏడు మాత్రం అడగలేదు. అడగనివాణ్ణి నేనే.

నేను పుట్టి పెరిగింది మదురలో. మా నాయనది బట్టల అంగడి. మదురలో పండగ అంటే అంగడి ఇంకా ఎక్కువసేపు తెరిచి పెట్టేది. జనం వస్తారు, కొంటారు, మనం అమ్ముతాం, అంతే నాకు తెలిసిన పండగ. ఇరవై ఏళ్ళు రాకముందే నా నోటికి భయపడి అంగడికి వచ్చేవాళ్ళు తగ్గినారని మా నాయన పీలమేడులో ఉండే మేనమామ దగ్గరికి పంపేసినాడు. "వీడి కోపం కొన్నాళ్ళు మీరు కూడా చూడండి" అని ఉత్తరం రాసి నా చేతికే ఇచ్చినాడు.

నా చేతిలో ఇంకోటి కూడా ఉండేది. ఊరికి తిరిగిపోయే దొర ఒకడు సామాన్లన్నీ అమ్మేస్తా ఉంటే కొన్న జేబు గడియారం. పడుకున్నా, తింటా ఉన్నా చేతిలోనే. ఒకరు మాట్లాడతా ఉంటే నేను దాన్ని తెరిచి చూసేవాణ్ణి. మా అవ్వ, అంటే మామకి తల్లి, "దాని మొగం చూసినంత మా మొగం చూడవేమిరా" అనేది.

పీలమేడు అప్పుడు ఊరంటే ఊరు కూడా కాదు. నల్లరేగడి మధ్యలో నాలుగు వీధులు. ఇండ్లల్లో తెలుగు, బయటికి వస్తే తమిళం, సండ, అదే జగడం, వస్తే రెండూ. మాసి నెల, అంటే శివరాత్రి నెల, దాటితే చాలు, చేలనుంచి పత్తి వచ్చి పడేది. గిడ్డంగి వెనకాల పెద్ద కొట్టంలో ముప్పైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చొని, కట్టె రాట్నాలు తిప్పి గింజ తీసేవాళ్ళు. రెండు గుండ్రటి కట్టెల మధ్య పత్తి పోతే, అవతల దూది, ఇవతల గింజ. కిర్ కిర్ కిర్ మని పొద్దంతా అదే చప్పుడు. మొదట్లో నాకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఆ చప్పుడు ఎక్కడైనా వినిపిస్తుందేమో అని చెవి పెడతాను. సాయంత్రానికి పదహారేళ్ళ పిల్ల జుట్టు కూడా దూదితో తెల్లగా అయిపోయేది. "ఏమవ్వా, ఎంతమంది మనవలు?" అని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటా ఇండ్లకి పోయేవాళ్ళు.

ఆ దూదిలో మంచిదంతా మదురకి పోయేది. అక్కడ మూడు తరాలుగా మా దగ్గర కొనే పెద్దమనిషి ఒకడు ఉండేవాడు. నేతవాళ్ళకి నూలు చేయించి ఇవ్వడం ఆయన పని. చిత్తిర నెల తిరునాళ్ళకి గుడిలో కొడి, అంటే జెండా, ఎక్కిందంటే మదురలో మగ్గాలు ఆగిపోతాయి. అందరూ దేవుడి వెనకే. అయితే ఆయన ఆ రోజుల్ని ఊరికే పోనిచ్చేవాడు కాదు. కొడి ఎక్కే ముందురోజు వీధి వీధికీ బుట్టల్లో దూది పంచేవాడు. ఆడవాళ్ళు చుట్టాలతో కబుర్లు చెప్పుకుంటా, దేవుడి వాహనాలు వచ్చేదాకా తిన్నెల మీద కూర్చొని కదురు తిప్పేవాళ్ళు. ఏడాదిలో ఏ నెలలోనూ రానంత నూలు ఆ పన్నెండు రోజుల్లో వచ్చేది. అందుకని ఆయనకి దూది కొడికి ముందే చేరాల. తర్వాత చేరితే దానికి బుట్ట ఉండదు.

ఆ ఏడు పత్తి ఆలస్యంగా వచ్చింది. మామ మిగిలిన పత్తి చూడడానికి పొల్లాచ్చి పక్కకి పోయినాడు. గిడ్డంగి నాకు అప్పజెప్పినాడు. ఆ సోమవారమే మదుర నుంచి ఉత్తరం. "తిరునల్వేలి వ్యాపారులు వచ్చి తిన్నె మీద కూర్చున్నారు. మీది వస్తుందంటే వాళ్ళని పంపేస్తాను. ఎప్పటికి వస్తుంది?"

మదురకి బండ్లకి ఎనిమిది రోజుల దారి. నాలుగు రోజులు ఎక్కువే వేసుకొని, నా తెలివికి నేనే మురిసిపోయి, "పన్నెండో రోజుకి పన్నెండు బండ్ల దూది మీ తిన్నె మీద ఉంటుంది. వాళ్ళని పంపేయండి" అని రాసి, ఆ మధ్యాహ్నం తపాలాలోనే వేసేసినాను. కొడి పదమూడో రోజు. ఒక్క పూట ఆగి అవ్వని అడిగి ఉంటే సరిపోయేది. ఆగడం నాకు అప్పుడు తెలియదు.

బుధవారం తెల్లారి మూటలన్నీ వాకిట్లో పెట్టించి, గడియారం పట్టుకొని నిలబడినాను. బండ్లు రాలేదు. ఎండ ఎక్కినాక బండ్లవాళ్ళ పెద్ద ఒక్కడే నడుచుకుంటా వచ్చినాడు. అరవై దాటిన మనిషి. మా తాత కాలం నుంచి మదుర దారి తోలినవాడు. కుడిచేతి మణికట్టుకి పసుపుదారం, దారానికి పసుపుకొమ్ము.

"ఏం తాతా, బండ్లేవి?"

"నిన్న రాత్రి కాపు కట్టినారు కదా సామీ."

"కడితే?"

ఆయన నా మొగం చూసినాడు, నేను నిజంగానే అడుగుతా ఉండానా అని. "మారియమ్మ నోంబికి ఈ కాపుదారం కట్టినాక పదిహేను రోజులు ఊరు దాటి పడుకోకూడదు. దీపాలు పెట్టే వేళకి దారం కట్టుకున్న తలకాయలన్నీ ఊళ్ళో ఉండాల, కట్టకముందే ఊరు దాటిన మీ మామకి పట్టింపు లేదు. మీ మామ ఈ తేదీ చూసుకొనే మదురకి మాట ఇస్తాడు. మీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి బదులు నోరు తెరిచినాను. "ఒక పోగు దారం చేతికి కట్టుకుంటే కాళ్ళు కూడా కట్టేసుకున్నట్టేనా? పని ఎగ్గొట్టడానికి అమ్మవారు దొరికింది మీకు. తీసి ఆ గుమ్మానికి కట్టి రండి, వచ్చినాక మళ్ళీ కట్టుకోవచ్చు."

రాట్నాల చప్పుడు ఆగిపోయింది. ఆ ఆడవాళ్ళ చేతులకి కూడా దారాలు ఉండాయని అప్పుడు చూసినాను.

పెద్దాయన తలగుడ్డ దులిపి భుజం మీద వేసుకొని పోయినాడు. కాసేపటికి కబురు వచ్చింది, పన్నెండు బండ్లూ నొగలు దించేసినారని, నోంబి అయినాక కూడా నా మాట మీద ఎత్తరని.

అవ్వ లోపలనుంచి అంతా వినింది. మధ్యాహ్నం సంగటి ముద్ద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"మదురకి మాట ఎవరిచ్చినారురా? మీ మామా, నువ్వా?"

"నేనే."

"అది తెగిపోతుందని వాకిట్లో అంత ఎగిరినావు. వాండ్లు అమ్మకి మాట ఇచ్చినారు. దాన్ని తెంచి గుమ్మానికి కట్టమంటే వాండ్లకి ఎట్లుంటుంది?"

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"నన్నెందుకు అడుగుతావు? నేనేమైనా బండి తోలతానా?"

ఆ రోజంతా, మర్నాడు కూడా మూటల మీద కూర్చున్నాను. పక్క ఊళ్ళ బండ్లు బాడుగకి దొరుకుతాయేమో అని కనుక్కుంటే, నేనన్న మాట నాకంటే ముందే ఆ ఊళ్ళకి పోయి ఉండాది. ఎవరూ రామన్నారు. గురువారం సాయంత్రం ఇంక దారి లేక పెద్దాయన ఇంటికి పోయినాను. ఆయన వాకిట్లో ఎద్దుల్ని కడుగుతా ఉండాడు. ఆయన పెళ్ళాం తిన్నె మీద కూర్చొని వేపాకు గుచ్చుతా ఉండాది.

"మదుర నుంచి వచ్చిన కోపం ఇదేనా?" అని ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నేను ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నానే!"

"తప్పుగా మాట్లాడినాను తాతా" అన్నాను. ఇంకా ఏమేమో అనుకొని వచ్చినాను గానీ అంతే వచ్చింది.

ఆయన ఎద్దు మూపురం రుద్దడం ఆపలేదు. రుద్దుతానే అన్నాడు, "మీ తాత కాలంలో ఒకసారి మారుబండి కట్టినాము."

"అంటే?"

"పగలు ఎక్కడికి పోయినా అమ్మ ఏమీ అనదు సామీ. పొద్దుగూకేసరికి ఊళ్ళో ఉంటే చాలు. మేము తెల్లారకముందే కట్టి సూలూరులో దించేసి వచ్చేస్తాము. వాండ్ల నోంబి మాకంటే తర్వాత. వాండ్ల బండ్లు ధారాపురం దాకా పోతాయి. అక్కడ ధారాపురం బండ్లు ఎత్తుకుంటాయి. అట్ల ఊరు మార్చి ఊరు."

"మరి మీకు మదుర బాడుగ పోతుంది కదా?"

"బాడుగ పోతే పోనీ, ఇంకోటి వస్తుంది. మదుర పోతుంది." ఆయన మొదటిసారి చెయ్యి ఆపినాడు. "ఏడాదికి ఒకసారి చూసేది."

ఆ మాట అప్పుడు నాకు సరిగా ఎక్కలేదు. నా తలకాయ నిండా రోజుల లెక్కే. శుక్రవారం కడితే సరిగ్గా పన్నెండో రోజుకి చేరతాము.

"మూటలతో ఎవరైనా కడదాకా పోవాల" అన్నాడు ఆయన. "చేతికి దారం లేనిది ఊరంతట్లో నీకొక్కడికే. నువ్వే పోవాల. ఒకటి చెప్తాను విను. ఊళ్ళో దిగినాక ముందు నీళ్ళు అడుగు. తాగి కూర్చో. బండి మాట నువ్వు ఎత్తొద్దు. వాండ్లే అడగాల."

"వాండ్లు అడక్కపోతే?"

"అడుగుతారు. నువ్వు కూర్చోగలవా అనేదే నా భయం."

సూలూరులో మధ్యాహ్నానికి దించినాము. మా బండ్లు వెంటనే వెనక్కి తిరిగిపోయినాయి. నేను నీళ్ళు అడిగినాను. చెంబు తెచ్చిన ఆయన పెద్దాయనకి వియ్యంకుడే. అయినా ఏమీ తెలియనట్టు ఆకు వక్క ముందర పెట్టి, వానల గురించి, ఎద్దుల సంత గురించి మాట్లాడతా ఉండాడు. నా చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది.

"మదుర వాండ్లు నీళ్ళు కూడా గడియారం చూసే తాగుతారా?" అన్నాడు. అందరూ నవ్వినారు. నాకు చెవులు మండినాయి. నోటినిండా ఆకు కుక్కుకున్నాను, మాట బయటికి రాకుండా. ఎండ వాలినాక ఆయనే అడిగినాడు, "అవునూ, ఈ మూటలు ఏ ఊరికి?" పన్నెండు బండ్ల మూటలు తన వాకిట్లోనే ఉండాయి, అప్పుడే చూసినట్టు!

అక్కడనుంచి రెండు రోజుల దారి హాయిగా జరిగింది. సూలూరు వాళ్ళు దారిపొడుగునా పాడుకుంటా తోలినారు. కంపెనీ పోయి రాణి వచ్చి అప్పటికే చాలా ఏండ్లయింది, వాళ్ళు ఇంకా 'కంపెనీ రోడ్డు' అనే అనేవాళ్ళు. చింతచెట్ల కింద వంట చేసుకొని, పెరుగన్నంలో ఊరగాయ నంజుకొని, ఎద్దుల మెడ గంటల చప్పుడులో నడిచిన ఆ రెండు రోజులూ తలుచుకుంటే ఇప్పటికీ నాకు బండి మీద కూర్చున్నట్టే ఒళ్ళు ఊగుతుంది.

ధారాపురంలో సత్రం ముందర దిగి, చెంబు అందుకుంటా ఉంటే, నీళ్ళు పోసేవాడి చేతికి దారం కనిపించింది. ముందురోజు సాయంత్రమే కాపు కట్టినారంట. సూలూరు వాళ్ళు ఇంక ముందుకి రాలేరు, మూడు రోజుల్లో వాళ్ళ ఊళ్ళోనూ కడతారు. ధారాపురం వాళ్ళు రాత్రికి ఇంటికి రావాల, పక్క ఊరు పగటి దూరంలో లేదు. మూటలు సత్రం తిన్నె మీద దించేసి, సూలూరు బండ్లు వెళ్ళిపోయినాయి.

నేను కూర్చున్నాను. ఊరి పెద్ద ఒకాయన పొద్దున వచ్చి, ఎండ ఎక్కువగా ఉండాదన్నాడు. అవునన్నాను. మధ్యాహ్నం వచ్చి, నదిలో నీళ్ళు తగ్గినాయన్నాడు. అవునన్నాను. అరిచి ఉంటే ఆ ఊళ్ళోనూ నొగలు దిగేవే. రెండో రోజు మధ్యాహ్నం ఆయన వచ్చి పక్కన కూర్చొని, ఒక మూట మీద చెయ్యి వేసి, "దూదా?" అన్నాడు.

"అవునయ్యా."

"మా చేతులకి దారాలు ఉండాయి. రేపు సంత. ఒడ్డన్‌సత్రం బండ్లు సరుకు దించి ఖాళీగా తిరిగిపోతాయి. వాండ్లకి నేను చెప్పేదా?"

ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది. "మీ ఇష్టం" అన్నాను, ఎంత నెమ్మదిగా అనగలనో అంత నెమ్మదిగా.

రెండు రోజులు అట్ల పోయినాయి. ఒడ్డన్‌సత్రం వాళ్ళు దిండిగల్ దాకా తెచ్చినారు. దిండిగల్‌లో దొరికినవి తోళ్ళు మోసే బండ్లు. వాసనకి నా కండ్లలో నీళ్ళు వచ్చినాయి. తాటాకు చాపలు కొని రెండు వరసలు పరిచి, దాని మీద మూటలు పేర్చినాము. మా అవ్వ చూసి ఉంటే ఆ దూదిని పసుపునీళ్ళతో కడగమనేది.

మదురలోకి పోయేసరికి పద్నాలుగో రోజు మధ్యాహ్నం. వీధుల్లో పందిళ్ళు, మామిడి తోరణాలు. నేను పెరిగిన వీధులే. తిన్నెల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చొని, నవ్వుకుంటా కదుర్లు తిప్పుతా ఉండారు. పక్కన బుట్టలు. బుట్టలు తెల్లగా నిండి ఉండాయి. అది మా దూది కాదు.

మా దూది కొనే పెద్దమనిషి వాకిట్లోనే ఉండాడు. ఒక మూట విప్పించి, చిటికెడు దూది తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి నెమ్మదిగా లాగినాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "దిండిగల్‌లో బండ్లు మార్చినావు."

"మూడుచోట్ల మార్చినాను. మా ఊళ్ళో కాపు కట్టినారు. నేను తెలుసుకోకుండా రాసినాను."

"మీ మామ రాయలేదా ఆ ఉత్తరం?"

"నేనే రాసినాను."

"అనుకున్నాను. మీ మామ ఉత్తరంలో ఎప్పుడూ 'అమ్మ దయవల్ల' అని ఉంటుంది. ఇందులో తేదీ మాత్రమే ఉండాది." దూదిని మళ్ళీ మూటలో కుక్కినాడు. "కొడి ఎక్కే రోజు పొద్దున దాకా చూసినాను. ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు తెచ్చి ఇక్కడే పెట్టి కూర్చున్నారు. పంపేసిన తిరునల్వేలి వాళ్ళని మళ్ళీ పిలిపించి సగం వీధులకి వాళ్ళ దూది ఇచ్చేసినాను. సగం వీధుల వాళ్ళని రేపు రండి, ఎల్లుండి రండి అని తిప్పుతా ఉండాను. ఆరు బండ్లు దించు. మిగిలిన ఆరూ నాకు ఇప్పుడు వద్దు."

ఎన్ని ఊళ్ళల్లో నోరు మూసుకొని కూర్చొని తెచ్చినానో చెప్పాలనిపించింది. ఆ ఖాళీ బుట్టలు ఎత్తుకొని ఎండలో మూడు రోజులు తిరిగిన ఆడవాళ్ళు అప్పుడే ఒక్కొక్కరూ వస్తా ఉండారు. ఒక ముసలామె నన్ను చూసి, "నువ్వేనా దూది అబ్బాయివి? పండగ అయిపోయినాక రావాల్సింది, ఇంకా తీరిగ్గా ఉండేది" అంది. ఆరు బండ్లు దించినాను.

మిగిలినవి మా నాయన అంగడి వెనకాల పేర్చినాము. ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున కూర్చొని మామకి ఉత్తరం రాసినాను. ఏమీ దాచలేదు. గుమ్మానికి కట్టమన్న మాట కూడా రాసినాను. ఇంక పీలమేడుకి రావొద్దంటాడనే అనుకున్నాను. జవాబు పదిహేను రోజులకి వచ్చింది. "మదుర ఆయన కూడా రాసినాడు. వచ్చే ఏడు కూడా మన దూదే కావాలంట. జవాబు నువ్వే రాయి. అడిగి రాయి."

మరుసటి ఏడు మాసి నెలలోనే పూజారి ఇంటికి పోయి, అవతల సూలూరు, ధారాపురం నోంబి తేదీలు కూడా కనుక్కొని, అప్పుడు రాసినాను. కాపుకి ఇరవై రోజుల ముందే మా బండ్లు పన్నెండూ కదిలినాయి. పెద్దాయనే ముందర తోలినాడు. ఎనిమిదో రోజు సాయంత్రం వైగై దాటేటప్పుడు దూరంగా గోపురాలు కనిపించినాయి. ఆయన బండి ఆపి, నొగల మీద నిలబడి, కండ్లకి చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూసినాడు. వెనక పదకొండు బండ్లూ ఆగిపోయినాయి. నేను గడియారం తియ్యలేదు.

"మదుర అమ్మ మంచిది సామీ" అన్నాడు కూర్చుంటా. "ఎవర్నీ ఊళ్ళో కట్టి పెట్టుకోదు. అందుకే చూడు, లోకమంతా వచ్చి ఇక్కడే పడి ఉండాది."

ఎద్దుల్ని అదిలించినాడు. ఆ ఏడు బుట్టలన్నీ మా దూదితోనే నిండినాయి.